కుట్టప్పన్ నోటి దరువు

మా ఊళ్ళో ఎవడైనా మాటలతో మేడలు కట్టి, పని దగ్గరికొచ్చేసరికి మెల్లగా జారుకుంటే "వాడిది కుట్టప్పన్ వాయ్‌త్తారి" అంటారు. రోడ్డు వేయిస్తానన్న పంచాయతీ మెంబరు గుంత కూడా పూడ్చకపోతే ఆ మాటే అన్నారు. గల్ఫ్ వెళ్తున్నా వెళ్తున్నా అని ఊరందరి ఇళ్ళలో వీడ్కోలు భోజనాలు తిని, చివరికి అత్తారింట్లోనే మకాం పెట్టిన అల్లుణ్ణీ అదే అన్నారు. ఆ కుట్టప్పన్‌ని నేనే. బతికుండగానే సామెతలోకెక్కినవాడు ఈ చుట్టుపక్కల నేను తప్ప ఇంకొకడు లేడు. సన్మానం అంటే ఇదేననుకుని సరిపెట్టుకుంటున్నాను.

వాయ్‌త్తారి అంటే నోటితో పలికే దరువు. వాయి అంటే మా మలయాళంలో నోరు. చెండ అనే మా డోలు భుజానికి తగిలించుకుని రెండు కర్రలతో ఏం వాయించాలన్నా ముందు అది నోట్లో పలకాలి. త... క్కి... ట్ట. తరికిట. నోట్లో బాగా నానాక చేతిలోకి దిగుతుంది. చెయ్యి ముసలిదై మర్చిపోయినా నోరు మర్చిపోదని మా పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే తరతరాలుగా గుళ్ళో మేళం కొట్టే మా మారార్ల ఇళ్ళలో పసిపిల్లకి గంజి తాగించేటప్పుడు కూడా ఒక్కో గుక్కకీ ఒక తక్కిట్ట అంటారు. పిల్లకి గంజీ దరువూ కలిసి అరుగుతాయి.

నాకు గంజి అరిగింది. దరువు మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

మా తాత మేళంలో ముందు వరస. మా నాన్న రెండో వరస. నేను మూడో వరస, కంచు తాళాలు కొట్టే చోట. ఇదే పద్ధతిలో ఇంకో తరం గడిస్తే గుడి ప్రహరీ అవతల నిలబడాల్సి వస్తుందని మా నాన్న పోయేదాకా బెంగ పెట్టుకున్నాడు. ఆయన చెయ్యగలిగిందంతా చేశాడు. కర్కటక మాసం వానల్లో, తెల్లారకముందే నన్ను లేపి, గుడి భోజనశాల వసారాలో పెద్ద ఆశాన్ దగ్గర కూర్చోబెట్టేవాడు. ఆశాన్ అంటే గురువు. మొదట్లో చెండ చేతికివ్వరు. ఎదురుగా ఒక నల్లరాయి, చేతిలో చింతకర్రలు. నోటితో పలుకుతూ రాతి మీద కొట్టాలి. రాయి మోసం చెయ్యదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. నా గురించి అది చాలా చెప్పింది.

ఒక రోజు పెద్ద ఆశాన్ నా ముందు చాలాసేపు నిలబడి విన్నాడు. పక్కనున్నవాళ్ళందరినీ ఆపమని, నన్నొక్కణ్ణే కొట్టమన్నాడు. మెచ్చుకుంటాడేమోనని నేను రెచ్చిపోయాను.

"ఒరేయ్ కుట్టప్పా, నీ నోరు పంచారి పలుకుతోంది, నీ చెయ్యి వడ్లు దంచుతోంది. ఈ రెండింటికీ సంబంధం కుదరదురా" అన్నాడాయన.

పంచారి అంటే మా మేళాల్లో రాణి లాంటిది. నిదానంగా మొదలై, ఒక్కో కాలానికీ వేగం పెరుగుతూ, ఐదో కాలానికి వచ్చేసరికి ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. అలాంటిదాన్ని నేను వడ్ల దంపుడు చేశానంటే నా చేతిలో ఏదో మహత్తు ఉండి ఉండాలి. మర్నాటి నుంచి నన్ను తాళాల వాళ్ళ దగ్గర నిలబెట్టారు. అక్కడ పదిమంది కలిసి కొడతారు కాబట్టి ఒకడు తప్పినా దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. దేవుడికి మేము ఎన్నో తరాలుగా సేవ చేస్తున్నాం కదా, ఆయనా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

చెయ్యి కలిసిరాకపోయినా నోటితోనే నెగ్గుకొచ్చాను. పెళ్ళిచూపులకు వెళ్తే మా మామగారు ఏదీ కాస్త పలకమన్నారు. కాస్త ఏమిటి, పంచారి మొత్తం పలికి చెమట తుడుచుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని విని, ఇంకేం అడక్కుండా వత్సలనిచ్చి చేశారు. పెళ్ళయ్యాక ఒకసారి సరదాపడి ఇంట్లో చెండ అందుకున్నాను. వత్సల వంటింట్లోంచి వచ్చి చూసి, వచ్చినదారినే వెనక్కి వెళ్ళింది. ఇప్పటికీ ఎవరైనా మా పెళ్ళి సంగతెత్తితే "మా నాన్న విని ఇచ్చాడు, చూసి ఇవ్వలేదు" అంటుంది.

పొట్టకూటికి త్రిశూర్ దారిలో తిరిగే ప్రైవేటు బస్సులో కండక్టర్ని. అక్కడా నోరు ఊరుకోదు. టికెట్లు చింపేది తక్కిట్ట, చిల్లర లెక్కపెట్టేది తరికిట. ఒకసారి మంచి ఊపులో బస్సు రేకు మీద వేళ్ళతో వాయిస్తుంటే, డ్రైవర్ ఔసేప్ దాన్ని రైట్ రైట్ అనుకుని లాగించేశాడు. ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు రోడ్డు మీదా ఉన్న టీచరమ్మ నన్ను తిట్టిన తిట్లు మంచి తాళంలో ఉన్నాయని చెప్పబోయి, ఆమె గొడుగు చూసి ఆగిపోయాను. ఆ రోడ్ల దుమ్ము అన్నేళ్ళు మింగినందుకు ఉబ్బసం కూడా పట్టుకుంది. జేబులో పీల్చే మందు పెట్టుకుని తిరుగుతాను.

ఇక మా అమ్మాయి ఆర్ద్ర. ఒక్కతే కూతురు. డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. మాట తక్కువ. కాకేం మరి, ఇంట్లో ఉన్న మాటలన్నీ నేనే వాడేసుకుంటే దానికేం మిగులుతాయి. చిన్నప్పట్నుంచీ ఇది కావాలని అడిగిన పిల్ల కాదు. అలాంటిది రెండేళ్ళ కిందట వచ్చి, చెండ నేర్చుకుంటానంది. ఆడపిల్లలు చెండ పట్టడం ఈ మధ్యే మొదలైంది మా వైపు. శంకుణ్ణి ఆశాన్ కూడా ఇద్దరు ముగ్గురిని చేర్చుకున్నాడు.

శంకుణ్ణి అన్నది పేరే, వాడెవరంటే పెద్ద ఆశాన్ కొడుకు. ఒకే వానలో, ఒకే వసారాలో, పక్కపక్క రాళ్ళ ముందు కూర్చున్నవాళ్ళం మేమిద్దరం. వాడు మేళానికి పెద్ద అయ్యాడు, నేను బస్సుకి కండక్టర్ అయ్యాను. నలుగురిలో ఆశాన్ అంటాను, ఎవరూ లేకపోతే శంకూ అంటాను. వాడికి రెండూ ఒకటే. మొహంలో ఏ మార్పూ ఉండదు, పుట్టుకే అంత.

వారానికి రెండు రోజులు శంకుణ్ణి దగ్గర పాఠం. మిగతా రోజులన్నీ మా పెరట్లో, రాతి ముందు. మా నాన్న తెచ్చి పెట్టిన రాయి ఇన్నేళ్ళూ బట్టలుతకడానికి పనికొచ్చింది, దాన్ని కడిగి దానికి మళ్ళీ ఉద్యోగమిచ్చాం. ఆర్ద్ర కొడుతుంటే నేను అరుగు మీద బ్లాక్ టీ గ్లాసుతో కూర్చుని పలికేవాణ్ణి. పిల్ల నోరు తెరవబోతే నేను అందుకునేవాణ్ణి. నువ్వు చేతులు చూసుకో తల్లీ, నోటి సంగతి నేను చూసుకుంటా అనేవాణ్ణి. దాని చేతులు ఎవరివో తెలియదు గానీ నావి మాత్రం కావు. రాతి మీద చింతకర్ర పడితే పూసలు జారినట్టు ఉండేది. నా నోరూ దాని చెయ్యీ కలిసి మొత్తానికి ఒక పూర్తి మారార్‌ తయారయ్యాడని లోలోపల మురిసిపోయాను. వత్సలతో అన్నాను కూడా. ఆమె కొబ్బరి కోరుతూ, చెయ్యి దానిది కాబట్టి సరిపోయిందంది.

ఈ విజయదశమికి ఆర్ద్ర వాళ్ళ జట్టు మొదటిసారి గుడి ముందు మేళం కొట్టాలి. శంకుణ్ణి వాళ్ళకి ఒక మాట చెప్పాడు. ఐదో కాలం ఎవరి చేతిలో శుభ్రంగా ఉంటుందో వాళ్ళు తనతోపాటు ముందు వరసలో ఉంటారు, ఉత్సవాలక్కూడా తీసుకెళ్తాడు. మిగతావాళ్ళు వెనక వరసలో పెద్ద దెబ్బలు వేస్తూ నిలబడాలి. ఆ రోజు ఆర్ద్ర ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే నా పక్కన కూర్చుంది.

"నాకు ముందు వరస కావాలి అచ్ఛా" అంది.

అచ్ఛా అంటే మాకు నాన్న. అలా పిలిచి ఇది కావాలని అడగడం అదే మొదలు. చంద్రుణ్ణి అడిగినా బాగుండేది, తేలేనని తెలుసు కాబట్టి నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఇది నేను తేగలనని నమ్మాను. ఆ రోజు నుంచి బస్సు దిగడం ఆలస్యం, అరుగెక్కి మొదలుపెట్టేవాణ్ణి. పప్పూ గంజీ చల్లారిపోతున్నాయని వత్సల మొత్తుకున్నా వినేవాణ్ణి కాదు.

దశమి ఇంకా రెండు వారాలుందనగా పిల్ల పాఠం నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. ఐదో కాలంలో తాళం తిరిగే ప్రతి ఆవర్తంలోనూ ఒకచోట దాని చెయ్యి వెంట్రుకవాసి ఆగుతోందట. శంకుణ్ణి మళ్ళీ మళ్ళీ కొట్టించి చూశాడు, ఒకే చోట ఆగుతోంది. అది తప్పుగా రావడం లేదు, నేర్చుకున్నట్టు వస్తోంది, ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు అని అడిగాడట. ఇది పోతే ముందు వరస, పోకపోతే వెనక వరస అన్నాడట.

నాకు ఒళ్ళు మండింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు, నేను ఇంకా రెండాకులు ఎక్కువ చదివాను. ముందు రాయి ఒరిగిందన్నాను. కింద ఇటుక ముక్క పెట్టాను. తర్వాత చింతకర్రలు తేలికన్నాను, కొత్తవి చెక్కించాను. పక్కింటివాళ్ళ మోటారు శబ్దానికి పిల్ల ధ్యాస చెదురుతోందని వాళ్ళతో తగువు పెట్టుకున్నాను. చివరికి తప్పు శంకుణ్ణిదేనని తేల్చాను. తన పిల్లల్ని పైకి తెచ్చుకోవాలని నా కూతుర్ని తొక్కేస్తున్నాడన్నాను. వాడికి పిల్లల్లేరని వత్సల గుర్తు చేసింది. అయినా కోపం దిగలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళకుండా నేరుగా శంకుణ్ణి ఇంటికి వెళ్ళాను. వాడు వసారాలో కూర్చుని చెండకి తాళ్ళు బిగిస్తున్నాడు. మా పిల్లకి నేర్పింది నేను, నా నోట్లో పంచారి తప్పు పోయిందని మీ నాన్న కూడా అనలేదు, కావాలంటే విను, వేలు పెట్టి చూపించు అని సవాలు విసిరాను. వాడు తాళ్ళు వదిలి, తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. మూడో కాలం పలికాను. నాలుగోది పలికాను. ఐదో కాలం అందుకుని, ఈ దెబ్బతో వీడి నోరు మూయించాలని గొంతు పెంచి మరీ పలికాను. శంకుణ్ణి తొడ మీద చెయ్యి ఒకచోట ఆగింది. తర్వాతి ఆవర్తంలో అక్కడే ఆగింది. మూడోసారి వాడు నవ్వాడు. శంకుణ్ణి నవ్వడం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

"ఒరేయ్ కుట్టప్పా, పిల్ల కొడుతున్నది నీ ఉబ్బసాన్నిరా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ పలకమన్నాడు. పలికాను. ఈసారి నాకే వినిపించింది. ఐదో కాలంలో నాకు ఊపిరి చాలదు. ఒకచోట, ఇస్సుమని, దొంగతనంగా గాలి పీల్చుకుంటాను. ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి అదొక సొగసనుకున్నాను. నిజం చెప్పాలంటే నా బాణీ అనుకున్నాను. బుద్ధిమంతురాలైన నా కూతురు తండ్రి నోట్లోంచి వచ్చినదేదీ వదలకూడదని, దరువుతోపాటు ఆ పిల్లికూతని కూడా నేర్చుకుంది. నాకు చేతులొక్కటే లేవనుకున్నాను ఇన్నాళ్ళూ. నా పాడైన ఊపిరితిత్తులు కూడా పెట్టేశాను దాని నెత్తిన.

ఇక శంకుణ్ణి చెప్పిన మందు ఒక్కటే. దశమి దాకా నేను పిల్ల ముందు నోరు తెరవకూడదు. అన్నం మానెయ్యమన్నా నయమే. వత్సలకి మాత్రం పండగొచ్చినట్టయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. పిల్ల రాతి ముందు కూర్చోగానే నా చేతికి కొబ్బరికాయలిచ్చి, పెరటి అవతలకి వెళ్ళి పీచు వలవమనేది. గునపం మీద కాయ వేసి తిప్పుతుంటే అదీ తరికిటే అయ్యేది. ఆమె వచ్చి కాయలు కూడా లాక్కుంది. దాంతో రెండు డ్యూటీలు చేసి, ఉన్న వాయ్‌త్తారంతా బస్సులోనే వదిలించుకుని ఇంటికి రావడం మొదలుపెట్టాను. త్రిశూర్ దాకా వెళ్ళే గుమాస్తాలు ముందు సీట్లలోకి మారిపోయారు. ఔసేప్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

ఇంత చేసినా ఆ ఆగడం పోలేదు. నాలుగైదు రోజులు చూశాను. గోడ చాటు నుంచి వింటే అక్కడే, అదే చోట, వెంట్రుకవాసి. ఒక సాయంత్రం చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే ఆర్ద్ర చింతకర్రలు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద తల ఆనించుకుని కూర్చుంది.

"నువ్వు పలకకపోయినా నాకు వినిపిస్తోంది అచ్ఛా. నీ ఊపిరితో సహా" అంది.

ఏడుపు గొంతు. నేను తండ్రిని కదా, ఏదో ఒకటి అనాలి. అనడమే నా రోగం కదా అని ఆగిపోయాను. నిలబడ్డచోట నాకు చచ్చినంత సిగ్గేసింది. పిల్ల అడిగిన ఒక్క కోరికకి నేనే అడ్డంపడ్డాను, అదీ ప్రేమతో. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు, ఆ కత్తిపీటని నేనే.

వంటింటి కిటికీలోంచి వత్సల అంతా చూస్తూనే ఉంది. చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"నీ నోరేమైందే? ఇన్నాళ్ళూ ఆయన నోరు అరువు తెచ్చుకుని కొట్టావు. ఇప్పుడు నువ్వు పలుకు" అంది.

అప్పుడు తట్టింది నాకు. రెండేళ్ళుగా ఆ పిల్ల ఇంట్లో ఒక్కసారి కూడా గొంతెత్తి పలకలేదు. నేను పలకనివ్వలేదు. మా పెద్దవాళ్ళు నోట్లో నానాలన్నారు గానీ, పక్కవాడి నోట్లో అనలేదు.

ఆర్ద్ర పలకడం మొదలుపెట్టింది. మొదట్లో బ్యాంకు కౌంటర్లో పేరు చెప్పినట్టు, తనకే వినిపించనంత మెల్లగా. తప్పులు పోయేవి. ఒక్కో తప్పూ నా గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది. సరిచెయ్యడానికి నోరు తెరిస్తే వత్సల గరిటె పైకి లేచేది. నేను లుంగీ ఎగ్గట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. రెండు రోజులకి గొంతు కాస్త లేచింది. తర్వాత గిన్నెలు తోముతూ పలికింది, బట్టలారేస్తూ పలికింది, కాలేజీకి వెళ్ళే తొందరలో ఆవిరి మీద ఉడికిన పుట్టు తింటూ నోటి నిండా పలికింది. దాని పలుకు నా పలుకులా లేదు. నేను మెత్తగా జార్చే చోట అది "ట్ట" అని నొక్కేది, అచ్చం వాళ్ళమ్మ నన్ను తిట్టేటప్పటి నొక్కు. నా పోలిక ఎక్కడైనా ఉందేమోనని చెవులు రిక్కించి వెతికాను. దొరకలేదు. నిజం చెప్పొద్దూ, కుళ్ళు పుట్టింది. దేవుడు నాకిచ్చింది ఒక్కటే, ఆ ఒక్కటీ నా కూతురు నా దగ్గర తీసుకోలేదు.

ఆగడం పోయిందా లేదా అంటే, ఒక రోజు పోయేది, ఒక రోజు వచ్చేది. దశమి ముందు రోజు శంకుణ్ణి మా ఇంటికే వచ్చి విన్నాడు. ముందు వరసలో నిలబెడతాను గానీ ఒక షరతు అన్నాడు. ఐదో కాలంలో ఆ ఆగడం వినబడితే తను కన్నెత్తి చూస్తాడు, చూడగానే పిల్ల వెనక వరసలోకి వెళ్ళిపోవాలి. ఊరంతా చూస్తుండగా, మేళం మధ్యలో. అంతకన్నా అసలు కొట్టకపోవడమే మేలని నాకనిపించింది. ఆర్ద్ర మాత్రం సరే ఆశాన్ అంది.

శంకుణ్ణి వెళ్తూ వెళ్తూ నన్ను గేటు దాకా పిలిచాడు.

"రేపు నువ్వు తాళాలు పట్టొద్దు. మూడో వరసలో నుంచి కూడా నీ నోరు దానికి వినబడుతుంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళ పైబడి ఆ గుడి ముందు నేను లేకుండా మేళం జరగలేదు. నా కూతురి మొదటి మేళానికి నేను జనంలో నిలబడాలి. నేను కాదంటే బాగుండును, వాణ్ణి తిట్టినా బాగుండును. సరే శంకూ అన్నాను. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. కంచు తాళాల మోతలో కూడా నా పెదాలు ఆగవు, నాకు తెలుసు.

దశమి సాయంత్రం వాన వెలిసి ఎండ కాసింది. గుడి ముందు నేల ఇంకా తడిగా ఉంది. పిల్లలంతా జరీ అంచు తెల్లపంచెల్లో, భుజాలకి చెండలు తగిలించుకుని వచ్చారు. ఒక్కొక్కరూ తమలపాకులో దక్షిణ పెట్టి శంకుణ్ణి పాదాలు తాకి, అతని చేతుల మీదుగా కర్రలు అందుకున్నారు. ఆర్ద్ర వంగినప్పుడు దాని జడ చెండ మీదికి జారితే, వెనక్కి వేసుకున్న తీరులో కూడా తొట్రుపాటు లేదు. తొట్రుపాటంతా నాదే. వత్సల ఆడవాళ్ళవైపు ముందుకెళ్ళి నిలబడింది. నేను జనంలో, వెనగ్గా, ఔసేప్ పక్కన. వాడు పాపం చర్చికెళ్ళే వేళకి నా కోసం ఇక్కడికొచ్చాడు. తాళం అంటే బీరువాకి వేసేదని తప్ప వాడికేం తెలియదు.

మేళం లేచింది. కొత్తవాళ్ళు కాబట్టి మూడో కాలం నుంచే మొదలు. అది నడుస్తున్నంతసేపూ నేను పళ్ళు బిగించి నిలబడ్డాను. నాలుగో కాలానికి చుట్టూ జనం ఊగడం మొదలైంది. మా దగ్గర మేళం వేడెక్కితే చూసేవాళ్ళు ఊరుకోరు, తాళానికి చేతులు పైకెత్తి దించుతుంటారు. చేతుల అడవి మధ్యలోంచి ఆర్ద్ర మొహం కనపడుతూ, మాయమవుతూ ఉంది. పెదాలు కదులుతున్నాయి. అంత మోతలో వినబడదు గానీ ఏం పలుకుతోందో నాకు కనబడుతూనే ఉంది. నొక్కు కూడా కనబడింది.

ఐదో కాలంలోకి దూకారు. బాకాలు లేచాయి, కంచు తాళాలు లేచాయి, జనం కేకలు లేచాయి. ఎప్పుడెత్తానో తెలియదు, నా చెయ్యి కూడా గాలిలో ఉంది. పళ్ళు ఎప్పుడు విడిపోయాయో తెలియదు, నేనూ పలుకుతున్నాను. ఆపడం నా చేతిలో లేదు. అగరుధూపం, దుమ్ము, భయం, అన్నీ కలిసి నా ఛాతీ బిగుసుకుపోయింది. ఆ చోటు దగ్గరికొస్తోంది. శంకుణ్ణి తల తిప్పి ఆర్ద్రవైపు చూడ్డానికి సిద్ధంగా ఉన్నాడు.

నాకు ఊపిరి అందలేదు. ఇస్సుమని పీల్చుకున్నాను. పైకెత్తిన నా చెయ్యి పైనే ఆగిపోయింది.

ఆర్ద్ర ఆగలేదు. ఆ చోటు మీదుగా, అక్కడ అసలేమీ లేనట్టు, దాని కర్రలు నడిచి వెళ్ళిపోయాయి. మళ్ళీ ఆవర్తం వచ్చింది. మళ్ళీ వెళ్ళిపోయాయి. శంకుణ్ణి మొహం తిప్పుకుని తన చెండ చూసుకున్నాడు. చుట్టూ అందరి చేతులూ దిగాయి, లేచాయి, దిగాయి. నా చెయ్యొక్కటే బస్సు ఆపేవాడి చెయ్యిలా పైనే ఉంది. పక్కనున్నవాళ్ళు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. నాకు కళ్ళు మసకేశాయి. సంతోషమా అంటే సంతోషమే. ఏదో లాగేసినట్టు ఛాతీలో నొప్పి కూడా ఉంది, అది ఉబ్బసానిదని ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను.

ఔసేప్ నా చొక్కా పట్టి కిందికి లాగాడు.

"చెయ్యి దించవోయ్ కుట్టప్పా. నీ తాళం ఎప్పుడో వెళ్ళిపోయింది" అన్నాడు.

వెళ్ళనీ ఔసేపూ అన్నాను. దించలేదు.